కలం పేరు వెనక ఆరేళ్లు: ఒక ఎడిటర్ కేసు

నేను బెంగళూరులో కెరీర్ కౌన్సెలింగ్ చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఐటీ వాళ్లు, అందులో మన తెలుగువాళ్లకు కొదవే లేదు. సమస్యలు కూడా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి: మేనేజర్‌తో పడదు, హైక్ రాలేదు, ఆన్‌సైట్ ఆగిపోయింది. మీడియా వాళ్లు రావడం అరుదు. రెజ్యుమేలో ఏం చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నవి మూడు వేరువేరు నిర్ణయాలు. మామూలు కేసుల్లో మూడూ ఒకేసారి తేలిపోతాయి కాబట్టి ఆ తేడా కనిపించదు. ఈ పత్రిక ఎడిటర్ కేసులో తేలలేదు, అందుకే రాస్తున్నాను.

అతని అనుమతి తీసుకున్నాను. ఊరు, కుటుంబం, సంస్థల వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. డ్రాఫ్ట్ పంపిస్తే రెండు చోట్ల "ఇది నన్ను పట్టిస్తుంది మేడం" అని కొట్టేశాడు. దాంతోపాటు అడక్కుండానే నా వాక్యాలు కూడా దిద్ది పంపాడు. ఇక్కడ అతన్ని ఎడిటర్ అనే అంటాను.

నేపథ్యం

రాయలసీమలో ఒక చిన్న టౌను. నాన్న ప్రభుత్వోద్యోగి, అమ్మ గృహిణి, ఒక చెల్లెలు. జర్నలిజం పీజీ కోసం బెంగళూరు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. 2013లో కాలేజీ పిల్లల కోసం నడిచే ఒక ఇంగ్లీష్ మాసపత్రికలో సబ్‌ఎడిటర్‌గా చేరాడు. కాలేజీ ఫెస్టులు, ఎంట్రన్స్ పరీక్షలు, కొత్త బ్యాండ్లు, పీజీ హాస్టళ్లలో సాంబారు ఎలా ఉంటుంది, ఇవీ పత్రికలో ఉండేవి. ప్రకటనలు ఎక్కువగా కోచింగ్ సెంటర్ల నుంచి, బైకుల షోరూముల నుంచి వచ్చేవి.

ఆ ఏడాది డిసెంబర్ 11న స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసే 377వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరట పోయింది. దీని మీద కవర్ స్టోరీ చేద్దామని అతను అడిగితే యాజమాన్యం వద్దంది. ప్రకటనలిచ్చేవాళ్లు, ముఖ్యంగా కోచింగ్ సెంటర్ల వాళ్లు ఏమంటారోనని భయం. అతను వాదన పెట్టుకోలేదు. పత్రికలో అద్దె అగ్రిమెంట్లు, ట్రాఫిక్ చలాన్ల గురించి చెప్పే "మీ హక్కులు" అనే పేజీ ఉంటే, 'ఈ తీర్పు తర్వాత పోలీసులు నిన్ను ఏం అడగగలరు, ఏం అడగలేరు' అని అందులో వేయించాడు. ఆ నెల చదువరుల ఉత్తరాలు ఎక్కువ వచ్చింది ఆ పేజీకేనట. నాకు దీని మీద ఆసక్తి కలగడానికి కారణం వేరు. ఒక విషయాన్ని ఎక్కడ పెడితే బతుకుతుందో చూసుకోవడం ఎడిటర్ పనిలో సగం. అది అతనికి ఇరవై మూడేళ్లకే వచ్చింది. కానీ తన రెజ్యుమేలో ఆ సంగతి ఒక్క ముక్క కూడా లేదు.

చివరి ఏడాది అతనే ఎడిటర్. మన దేశంలో అచ్చయ్యే పత్రిక ప్రతి కాపీ మీదా యజమాని పేరు, ఎడిటర్ పేరు స్పష్టంగా వేయాలని అప్పటి 1867 నాటి ప్రెస్ చట్టం చెప్పేది. ఆ పేరున్న కాపీలన్నీ వాళ్ల నాన్న బైండింగ్ చేయించి ఇంటికి వచ్చినవాళ్లకి చూపించేవారు. 2016 నవంబరులో నోట్ల రద్దు వచ్చి ప్రకటనలు పడిపోయాయి, కొన్ని నెలలకే పత్రిక మూతపడింది.

2017లో ఒక చిన్న ట్రస్టు నడిపే ఎల్‌జీబీటీక్యూ (స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు, ట్రాన్స్ వ్యక్తులు వగైరా) వెబ్ పత్రికలో ఎడిటర్‌గా చేరాడు. మన దగ్గర ఇలాంటి పత్రికలకు మంచి చరిత్రే ఉంది. ముంబైలో అశోక్ రావ్ కవి 1990లో 'బాంబే దోస్త్' మొదలుపెట్టారు, ఆ తర్వాత వెబ్‌లో గేసీ, గేలాక్సీ లాంటివి వచ్చాయి. అయితే 2017లో 377 ఇంకా బతికే ఉంది. ఆగస్టులో గోప్యత హక్కు తీర్పు వచ్చాక ఆశ పుట్టింది గానీ, రాసేవాళ్లు చాలామంది మారుపేర్లతోనే రాసేవారు. ఇతనూ ఒక కలం పేరు పెట్టుకున్నాడు. అతను గే. చెల్లెలికి తెలుసు, అమ్మానాన్నలకి తెలియదు.

స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో కొందరు సొంత పేర్లకి మారారు. అతను మారలేదు. నేరం కాకపోవడం వేరు, అమ్మకి తెలియడం వేరు అన్నాడు. ఇక్కడ అతన్ని ధైర్యం లేనివాడని అనుకునేవాళ్లు ఉంటారు. అది ఎవరి లెక్క వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం, కౌన్సెలర్ తేల్చేది కాదు. నేను ఆ ప్రశ్న జోలికి వెళ్లలేదు.

ఆరేళ్లలో పత్రికలో వచ్చిన ప్రతి ముక్కా అతని చేతుల మీదుగానే వెళ్లింది. మధ్యలో తెలుగు పేజీ కూడా పెట్టాడు. కర్నూలు, గుంటూరు, వరంగల్ వైపు ఇంజినీరింగ్ హాస్టళ్ల నుంచి పిల్లలు రాసేవారు, కొందరు ఫోన్‌లో టైప్ చేసి ముక్కలు ముక్కలుగా పంపేవారట. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధుల్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నారు, పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. ఈ ట్రస్టుకి డబ్బు వచ్చేది ఒక పెద్ద ఎన్జీవో ద్వారానే. ఉన్నదానితో ఇంకొంతకాలం లాగి, 2023 మధ్యలో ఎడిటర్‌కి జీతం ఇవ్వలేమన్నారు.

అతను తెచ్చిన సమస్య

"మేడం, ఈ ఆరేళ్లు రెజ్యుమేలో ఉంచాలా, తీసెయ్యాలా?"

వచ్చినప్పుడు అడిగింది ఇదే. అప్పటికే నెలల తరబడి అప్లై చేస్తున్నాడు, ఇంటర్వ్యూ దాకా వెళ్లినవి తక్కువ. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదన్నాడు. నేను థెరపిస్టుని కాను కాబట్టి ఆ వైపు ఎవరైనా ఉన్నారా అని మొదటే అడిగాను. ఉన్నారన్నాడు, మంచివారే. ఈ మాట ఊరికే అడగలేదు. గే అని చెప్పగానే 'మార్చేస్తాం' అనే డాక్టర్లు ఇంకా ఉన్నారు. అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో తేల్చి చెప్పినా సరే.

రెజ్యుమే చూశాను. 2017 నుంచి 2023 వరకు "డిజిటల్ మీడియా సంస్థ, ఎడిటర్" అని ఒకే లైను. దాని కింద కంటెంట్ స్ట్రాటజీ, స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్ లాంటి మాటలు. నేను మనిషిని చూడకుండా ఆ కాగితం మాత్రమే చూసుంటే ఎక్కడో ఖాళీగా ఉండి కప్పిపుచ్చుతున్నాడనే అనుకునేదాన్ని.

అసలు ఇబ్బంది ఎల్‌జీబీటీక్యూ అన్న మాటతో కాదని నాకు తొందరగానే అనిపించింది. మీడియాలో ఎవరు ఉద్యోగం ఇవ్వాలన్నా మొదట అడిగేది లింకులు. ఇతని లింకులన్నీ ఇంకో పేరు మీద ఉన్నాయి. పైగా ఎడిటర్ పని బైలైన్‌లో కనిపించదు, రచయిత పేరే కనిపిస్తుంది. అంటే ఇతని పని మీద రెండు ముసుగులు. ఒకటి వృత్తి వేసింది, ఇంకోటి తను వేసుకున్నది. 'ఉంచాలా తీసెయ్యాలా' అన్న ప్రశ్నకి ఏ జవాబు చెప్పినా ఈ రెండూ అలాగే ఉంటాయి.

ప్రయత్నాలు, తిరిగి వచ్చినవి

మొదటిది అతను అప్పటికే చేస్తున్నదే, దాచిపెట్టడం. ఒక ప్యానెల్‌లో సంస్థ పేరు అడిగితే ట్రస్టు పేరు చెప్పాడు. ల్యాప్‌టాప్‌లో కొట్టి చూసి, పైకి చూసి, "ఓ, ఇదా" అన్నారట. మిగతా ఇంటర్వ్యూ ఐదు నిమిషాల్లో ముగిసింది. వాళ్లకి ఆ విషయం మీద అభ్యంతరమో, దాచాడన్న అనుమానమో తెలియదు. నాకు రెండోదే అనిపిస్తుంది. అక్కడ ఉన్నది పాతికేళ్ల కుర్రాళ్లు, బెంగళూరు స్టార్టప్. ఎల్‌జీబీటీక్యూ వాళ్ల ప్రైడ్ ర్యాలీలు 2008 నుంచి చూస్తున్న ఊరు ఇది. వాళ్లకి ఆ పత్రిక కంటే ఆ తడబాటే ఎక్కువ కనిపించి ఉంటుంది.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు. దాచడంతో విసిగిపోయి ఒక రాత్రి లింక్డ్‌ఇన్‌లో అంతా పెట్టేశాడు, పత్రిక పేరు, కలం పేరు, అన్నీ. రెండు రకాల స్పందన వచ్చింది. కంపెనీల డైవర్సిటీ టీముల నుంచి ప్రైడ్ నెల జూన్‌లో మాట్లాడతారా, ప్యానెల్‌కి వస్తారా అని మెసేజులు, పారితోషికం ఊసు లేకుండా. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే పెద్దమ్మ కొడుకు నుంచి ఒక మెసేజ్: "ఒరేయ్, నీ ప్రొఫైల్ ఎవరో హ్యాక్ చేసినట్టున్నారు చూసుకో." ఆ అన్నకి నిజంగా అర్థం కాలేదో, తప్పించుకునే దారి చూపించాడో ఇప్పటికీ తెలియదు. ఎడిటర్ ఆ రాత్రే తీసేశాడు. అవునన్నా, చూసుకుంటా అని జవాబిచ్చాడు.

మూడోది నేను సూచించిన దారి: కార్పొరేట్ డైవర్సిటీ ఉద్యోగాలు. జీతాలు బాగుంటాయి, ఈ అనుభవాన్ని అక్కడ వివరించనక్కర్లేదు, కుటుంబానికి 'హెచ్‌ఆర్‌లో పని' అని చెప్పుకోవచ్చు. కాగితం మీద సరిగ్గా సరిపోయింది. రెండు చోట్ల ముందుకు వెళ్లాడు కూడా. రెండు చోట్లా చివరికి వచ్చింది ఒకే మాట, "మీ కథ చెప్పండి". ఎడిటింగ్ గురించి ఒక్క ప్రశ్న లేదు. బయటికి వచ్చి నాతో అన్నాడు, "మేడం, ఆరేళ్లు వేరేవాళ్ల కథలు ఎంతవరకు చెప్పాలో చూసే పని చేశాను, ఇప్పుడు నా కథ అమ్ముకోమంటున్నారు." దాంతో ఆ దారి మూసేశాం. ఆ ఉద్యోగం కొందరికి బాగా నప్పుతుంది. పేరు బయటపడకూడదనుకునే మనిషికి మాత్రం నప్పదు.

దారి మారింది ఎక్కడ

ఉద్యోగం మాట పక్కన పెట్టి, పాత పని ఫైళ్లు తెచ్చి చూపించమన్నాను. ల్యాప్‌టాప్ తెరిచి ఒక వ్యాసం చూపించాడు. ఒక కుర్రాడు హాస్టల్ గురించి రాసింది. డ్రాఫ్ట్‌లో ఇలా ఉంది: "మా మండలంలో ఉన్నది ఒక్కటే ఇంజినీరింగ్ కాలేజీ, మా నాన్న అందులో లెక్చరర్." దాని పక్కన మార్జిన్‌లో ఇతని కామెంట్: "మీ పేరు మార్చాం, బాగానే ఉంది. కానీ మీ ఇల్లు పట్టుకోవడానికి ఈ వాక్యం చాలు. నాన్న టీచర్ అందామా? ఊరు ఎక్కడో చెప్పకపోయినా కథకి నష్టం లేదు." కింద అదే రచయితకి ఇంకో కామెంట్: "ఈ పేరా బాగా రాశారు, దీన్ని ముట్టుకోను."

ఇంకో ఫైలు, మామూలు ఎక్సెల్ షీటు. ప్రతి వ్యాసానికీ రచయిత ఏ పేరుతో ఒప్పుకున్నారు, ఫోటోకి ఒప్పుకున్నారా, ఎప్పుడైనా తీసేయమని అడిగారా, అడిగితే ఎన్ని గంటల్లో తీశారు, గూగుల్ వెతుకులాటలోంచి పోయిందా, పాత పేజీల ఆర్కైవ్‌లో ఉండిపోయిందా, అన్నీ ఉన్నాయి. పెళ్లి కుదిరిందని, ఇంట్లో గొడవలు మొదలయ్యాయని, ఉద్యోగం మారానని జనం తీసేయమని అడుగుతారు. కారణం అడగకుండా తీసేయాలన్నది వాళ్ల నియమం. దాన్ని రాసింది ఇతనే.

ఇదంతా రెజ్యుమేలో ఎందుకు లేదని అడిగితే, "ఇవి రోజూ చేసేవే కదా మేడం" అన్నాడు.

అప్పుడు వెతకాల్సిన చోటు మారింది. మనిషి గురించి సున్నితమైన విషయాలు అచ్చువేస్తూ ఆ మనిషికి హాని రాకుండా చూడటం ఎవరికి అవసరం? న్యూస్ వెబ్‌సైట్లకి కొంత. ఆరోగ్య సమాచారం ఇచ్చే సంస్థలకి చాలా. రోగుల అనుభవాలు, మానసిక ఆరోగ్యం, కౌమార వయసు పిల్లల ప్రశ్నలు, అదీ తెలుగు, కన్నడం లాంటి భాషల్లో. యువజన పత్రికలో అతను నేర్చుకున్న భాష, వెబ్ పత్రికలో నేర్చుకున్న జాగ్రత్త, రెండూ అక్కడ పనికొస్తాయి.

ఇక ఎప్పుడు చెప్పాలన్నది. దీనికి జవాబు నాకు అతని ధైర్యంలో దొరకలేదు, కాగితాల్లో దొరికింది. ట్రస్టు చిన్నది, పీఎఫ్ లేదు, అతన్ని కన్సల్టెంట్‌గా చూపించి ఫీజు మీద ఆదాయపు పన్ను చట్టం 194జే సెక్షన్ కింద పది శాతం టీడీఎస్ కోసేవారు. అంటే అనుభవానికి రుజువు కావాలంటే ఫారం 26ఏఎస్, అంటే ఎవరెవరు పన్ను కోశారో చూపే పత్రం, ఇవ్వాలి. అందులో ట్రస్టు పేరు ఉంటుంది. ఏ మంచి సంస్థ అయినా ఆఫర్ ముందు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయిస్తుంది, ఆ ఏజెన్సీవాళ్లు ట్రస్టుకి ఫోన్ చేస్తారు. కాబట్టి ఎలాగూ తెలుస్తుంది. తేల్చుకోవాల్సిందల్లా ఎవరి నోటి నుంచి తెలియాలి అన్నదే. హెచ్‌ఆర్‌కి ఏజెన్సీ రిపోర్టులో కనిపించేకంటే, అతనితో రోజూ పనిచేయబోయే మేనేజర్‌కి అతనే ముందు చెప్పడం మేలు. మొదటి రౌండ్‌లో వద్దు, అప్పటికి పని చూడకుండానే ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. కాగితాలు అడిగాక వద్దు, దాచినట్టు ఉంటుంది. ఎడిటింగ్ టెస్ట్ రాసి, అది వాళ్లకి నచ్చి, రెండో మాటకి పిలిచినప్పుడు చెప్పాలి.

ఏం చెప్పాలో రాసుకున్నాం. అతనే రాశాడు, నేను కుదించమన్నాను:

"2017 నుంచి 2023 వరకు ఒక ఎల్‌జీబీటీక్యూ వెబ్ పత్రికకి ఎడిటర్‌ని. భద్రత కోసం కలం పేరుతో పనిచేశాను, అందుకే నా పేరుతో వెతికితే కనిపించదు. ఆ పనంతా మీకు చూపిస్తాను, మీ దగ్గరే ఉంచమని కోరుతున్నాను."

ఇందులో పత్రిక గురించి ఉంది, అతని గురించి లేదు. ఆ రెండూ వేరు. 'మీరు కూడానా?' అని అడిగితే ఏమనాలో కూడా మాట్లాడుకున్నాం. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం ట్రాన్స్ వ్యక్తుల మీద ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదంటుంది, కానీ గే అన్న కారణంతో ప్రైవేటు సంస్థ ఉద్యోగం ఇవ్వకపోతే అడగడానికి అలాంటి చట్టం లేదు. అది తెలిసే సలహా ఇవ్వాలి. "అది నా సొంత విషయమండి, పని గురించి ఏదైనా అడగండి" అని నవ్వుతూ చెప్పడం సాధన చేయించాను. నవ్వు మాత్రం చాలాసేపు రాలేదు.

పోర్ట్‌ఫోలియో పాస్‌వర్డ్ ఉన్న ఫోల్డర్‌గా తయారైంది. నాలుగు వ్యాసాల ముందూ తర్వాతా రూపాలు, రచయితల్ని మళ్లీ అడిగి, ఒప్పుకున్నవారివి మాత్రమే. ఎక్సెల్ షీటు పేర్లు తీసేసిన నమూనా. యువ పత్రిక నుంచి ఆ "మీ హక్కులు" పేజీ, అది సొంత పేరుతో ఉన్నదే. ట్రస్టు నుంచి ఒక ఉత్తరం, ఫలానా కలం పేరు, ఫలానా వ్యక్తి ఒకరే అని, అడిగినవారికి మాత్రమే చూపించేలా. లింక్డ్‌ఇన్‌లో "ఎడిటర్, స్వచ్ఛంద రంగంలో ప్రచురణలు" అన్న ఒక్క లైను. అబద్ధం కాదు, పెద్దమ్మ కొడుకు చూసినా ఏమీ కాదు.

జీతం దగ్గర కొంచెం పేచీ వచ్చింది. ట్రస్టు ఇచ్చింది మార్కెట్లో సగం కూడా కాదు. మన దగ్గర హెచ్‌ఆర్‌లు పాత జీతం మీద ఇంత శాతం అని లెక్కేస్తారు. అలా లెక్కేస్తే ఇతను ఫ్రెషర్ కంటే కొంచెం పైన ఉంటాడు. అందుకని 'అది ట్రస్టు ఇచ్చిన గౌరవ వేతనం, ఈ పోస్టుకి మీ బడ్జెట్ చెప్పండి' అని ముందే తిప్పికొట్టమన్నాను. ఒక చోట ఒప్పుకోలేదు. ఇంకో చోట ఒప్పుకున్నారు.

ఫలితం

2023 అక్టోబరులో ఒక ఆరోగ్య సమాచార సంస్థతో రెండో రౌండు. అదే నెల 17న స్వలింగ వివాహాల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. అతను వాయిదా అడుగుదామా అన్నాడు. పేపర్లన్నీ ఆ విషయమే రాస్తున్న వారం, ఎదుటివాళ్లు పత్రిక గురించి కాక తీర్పు గురించి మాట్లాడతారని అతని భయం. ఆ భయంలో న్యాయం ఉంది, రెండు రోజులు జరిపించుకోమన్నాను.

మేనేజర్ ఒక పెద్దావిడ, ఎన్నో ఏళ్లు ఆరోగ్య జర్నలిజంలో ఉన్న మనిషి. ఆ మూడు వాక్యాలు విని తల ఊపి, ఎక్సెల్ షీటు దగ్గర ఆగిపోయిందట. తీసేయమన్న వ్యాసానికి బొమ్మలు వేసిన ఆర్టిస్టు ఒప్పుకోకపోతే ఏం చేసేవారని అడిగింది. మిగతా సమయమంతా దాని మీదే నడిచింది. 'మీరు కూడానా' అని ఎవరూ అడగలేదు. సాధన వృథా అయ్యిందని అతనికి కొంచెం కోపం కూడా వచ్చింది.

ఇలాంటి వాళ్లు వస్తే ఇప్పుడు నేను రెజ్యుమే కంటే ముందు ఫారం 26ఏఎస్, రిలీవింగ్ లెటర్, పాత పని ఫైళ్లు అడుగుతాను. ఏది ఎలాగూ బయటపడుతుందో కాగితాలు చెబుతాయి, ఏది చూపించుకోవాలో ఫైళ్లు చెబుతాయి. ఇది ఎల్‌జీబీటీక్యూ పత్రికలవాళ్లకే కాదు. ఘోస్ట్ రైటర్లు, ఎన్నికల కన్సల్టెన్సీల్లో పనిచేసి బయటికి చెప్పుకోలేనివాళ్లు, ఈ మధ్య వరసగా వస్తున్నారు. ఒక్క తేడా ఉంది. వాళ్ల రహస్యం బయటపడితే కాంట్రాక్టు పోతుంది, ఇతనిది బయటపడితే ఇల్లు పోవచ్చు. అందుకే ఎదుటివాళ్లని 'మీ దగ్గరే ఉంచండి' అని నోటితో అడగడం మానవద్దని చెబుతాను. అడిగితేనే చాలామందికి అది గోప్యమని తడుతుంది.

ఆఫర్ లెటర్ వచ్చాక ఒక చిక్కు మిగిలింది. ఇంకెక్కడా పనిచేయకూడదని అందులో మామూలుగా ఉండే క్లాజు ఉంది. ఇతనికేమో పాత పత్రికలో తెలుగు పేజీ వదలడం ఇష్టం లేదు, జీతం లేకపోయినా నెలకి ఒకటో రెండో వ్యాసాలు చూస్తానన్నాడు. చెప్పకుండా చేసుకోవచ్చు కదా, ఎలాగూ కలం పేరే అన్నాడు మొదట. కలం పేరు అమ్మానాన్నల కోసం, ఈ సంస్థకి ఆ పేరు ఎవరిదో ఇప్పుడు తెలుసు కదా అన్నాను. మేనేజర్‌కి మెయిల్ పెట్టాడు. డబ్బు తీసుకోకుండా, ఆఫీసు వేళలు కాకుండా, ఆరోగ్య విషయాలు కాకుండా ఉంటే అభ్యంతరం లేదని నాలుగు రోజుల తర్వాత రాతపూర్వకంగా జవాబు వచ్చింది. అది వచ్చాకే సంతకం చేశాడు.